ఒకే గీత
(పీఠిక)

మాఘ ఫాల్గుణాల్లో మా ఏర్గట్ల గాలికి పసుపు వాసన పడుతుంది. తవ్విన దుంపలను కడాయిల్లో ఉడకబెట్టి, కళ్ళాలమీద రోజుల తరబడి ఆరబోసి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టి, కొమ్ముల కాడిని కాడిగా, గుండ్రని గోళను గోళగా ఏరి, సంచులు కుట్టి నిజామాబాదు యార్డుకు పంపేదాకా ఇక్కడి రైతుకు కంటిమీద కునుకుండదు. అటువంటి పనిదినాల్లో ఒక సాయంకాలం ఈ గ్రంథకర్త వ్రాతప్రతిని గుడ్డసంచిలో పెట్టుకొని మా అరుగుమీదికి వచ్చి కూర్చున్నాడు. ఒకప్పుడు నా దగ్గర ఛందస్సు చదువుకున్నవాడు, ఇప్పుడు తానే బడిపంతులై నలుగురికి చదువు చెబుతున్నవాడు. "సారూ, బాపుగారి మీద రాసిన. ముందటి మాట మీరే రాయాలె" అన్నాడు. "కావ్యాలకు పీఠికలు రాసినోణ్ణి, బొమ్మలకేం రాస్తరా?" అన్నాను. "చదివినంక మీరే చెప్తరు సారూ" అని సంచి నా ఒళ్ళో పెట్టి, లేచి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి దీపం ఆర్పకుండా చదివాను. తెల్లవారేసరికి నా ప్రశ్నకు సమాధానం దొరికింది: ఇది కూడా ఒక కావ్యకర్తను గురించిన గ్రంథమే.

సత్తిరాజు లక్ష్మీనారాయణ అనే పేరు చెబితే తెలుగునాట నూటికి పదిమందికైనా తెలుస్తుందో లేదో. బాపు అంటే తెలియని ఇల్లు లేదు. 1933 డిసెంబరు 15న పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో పుట్టి, మద్రాసులో చదివి, అక్కడి విశ్వవిద్యాలయంలోనే 1955లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని, న్యాయవాది నల్లకోటుకు బదులు నల్లసిరా సీసాను ఎన్నుకొని, 2014 ఆగస్టు 31న చెన్నపట్నంలో కన్నుమూసేదాకా ఆ సిరాను ఎండనివ్వని మహనీయుడాయన. వ్యంగ్య చిత్రకారుడు, కథలకు బొమ్మలు వేసినవాడు, పుస్తకాలకు ముఖచిత్రాలు దిద్దినవాడు, ప్రకటనల సంస్థల్లో పనిచేసినవాడు, అక్షర శిల్పి, చలనచిత్ర దర్శకుడు. ఇన్ని వృత్తులు ఒక్క చేతిలో ఇమడడం చూచి లోకం బహుముఖ ప్రజ్ఞ అని ఆశ్చర్యపడింది. ఆ ఆశ్చర్యాన్ని దాటి ఒక అడుగు ముందుకు వేయడమే ఈ గ్రంథానికి ఉన్న విశిష్టత. ముఖాలు అనేకమైనా వాటన్నిటినీ గీసిన గీత ఒక్కటేననీ, బాపుగారి చేతిరాతా ఆయన బొమ్మా ఆయన సినిమా చట్రమూ ఆ ఒకే గీతకు వికాసాలనీ ఇతడు ప్రతిపాదించి, మూడువందల పుటల్లో ఓపికగా నిరూపించాడు.

ఏ కళాకారుడూ ఆకాశంనుంచి ఊడిపడడు. మా ప్రాంతానికి బొమ్మ కొత్తది కాదు. సోను వంతెన దాటి గోదావరి ఆవలి గట్టుకు వెళితే నిర్మల్. అక్కడి నకాషీ కళాకారుల కొయ్యబొమ్మలూ వర్ణచిత్రాలూ దేశదేశాలకు వెళ్ళాయి. ఇటు చేర్యాలలో బారెడు గుడ్డమీద కులపురాణాన్ని గడులు గడులుగా వేసిస్తే, కథకుడు ఊరి నడుమ ఆ పటం వేలాడగట్టి, కర్రతో ఒక్కొక్క గడినీ చూపుతూ రాత్రంతా కథ చెప్పేవాడు. మాటా బొమ్మా జంటగా నడిచి కథను జనంలోకి మోసుకుపోవడం మన నేలకు అనాదిగా తెలిసిన విద్య. అటు కోస్తాలో దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండానే 1925లో అస్తమించినా, రాజమహేంద్రవరంలో ఒక చిత్రకళా సంప్రదాయానికి ప్రాణం పోసి వెళ్ళాడు. అడివి బాపిరాజు కలమూ కుంచే రెండూ పట్టాడు. తలిశెట్టి రామారావు తెలుగు వ్యంగ్య చిత్రానికి ఆద్యుడైనాడు. మాధవపెద్ది గోఖలే పత్రికలకు బొమ్మలు వేస్తూనే సినిమాలకు కళాదర్శకత్వం నిర్వహించాడు. 1947 జూలైలో పుట్టిన చందమామ, చిత్రా శంకర్‌ల రేఖలతో, వడ్డాది పాపయ్యగారి వర్ణాలతో, ఇంటింటి పిల్లల కళ్ళకు సంస్కారం నేర్పింది. ఇన్ని పాయలు కలిసిన చోట బాపు నిలుచున్నాడు. పొరుగున తమిళ పత్రికల్లో వెలుగుతున్న గోపులుగారి రేఖను గురుస్థానంలో ఉంచుకొని గౌరవించడానికి ఆయనకు భాషాభేదం అడ్డు రాలేదు. ఈ వంశవృక్షాన్ని తొలి ప్రకరణంలోనే నిలిపి, ఆ మీదట మాత్రమే కథానాయకుణ్ణి ప్రవేశపెట్టిన గ్రంథకర్త వివేకం ప్రశంసనీయం.

ఇక నన్ను మిక్కిలి ఆకర్షించిన ప్రకరణం జింకు బ్లాకును గురించినది. పండితులు సాధారణంగా చిత్రకారుని భావాన్ని చర్చిస్తారు, ముద్రణాలయం గడప తొక్కరు. ఇతడు తొక్కాడు. పాత అచ్చాఫీసుల్లో పనిచేసిన ముసలి కంపోజిటర్ల దగ్గర కూర్చొని, ఆనాటి వారపత్రికలో బొమ్మ ఎట్లా అచ్చయ్యేదో అడిగి రాసుకొన్నాడు. చిత్రకారుడు తెల్లకాగితంమీద నల్లసిరాతో, అచ్చులో కనబడవలసిన దానికన్న పెద్దదిగా బొమ్మ వేసి ఇచ్చేవాడు. దానిని ఫొటో తీసి, ఆ నెగటివును మందు పూసిన జింకు రేకుమీదికి దింపి, ఆమ్లంలో ముంచితే, గీత ఉన్న చోటు నిలిచి, లేని చోటు కరిగి పల్లమయ్యేది. ఆ రేకును కొయ్యదిమ్మకు బిగించి, సీసపు అక్షరాల సరసన చట్రంలో కూర్చి, సిరా పట్టించి అచ్చొత్తేవారు. ఇందులో ఉంటే నలుపు, లేకుంటే తెలుపు; నడుమ బూడిదరంగుకు తావు లేదు. మెత్తని నీడలు కావాలంటే చుక్కల బ్లాకు చేయించాలి, దానికి నున్నని ఖరీదైన కాగితం కావాలి. న్యూస్‌ప్రింటుమీద ఆ చుక్కలన్నీ అలుక్కుపోయేవి. కాబట్టి పేదవాని పత్రికలో బొమ్మ వేసేవాడు వెలుగునూ నీడనూ, వయసునూ వలపునూ, కోపాన్నీ కొంటెతనాన్నీ ఒక్క గీతలోనే చెప్పాలి. ఎందరో ఆ నిర్బంధానికి లొంగిపోయారు; బాపు దానిని ఛందస్సుగా స్వీకరించాడు.

నేను జీవితమంతా పద్యం చెప్పుకొన్నవాణ్ణి గనుక ఈ మాట విలువ నాకు తెలుసు. గణాలూ యతిప్రాసలూ అశక్తునికి సంకెళ్ళు, సమర్థునికి నూపురాలు. బాపు చిత్రాల్లో తరచుగా కనిపించే ఒక స్త్రీమూర్తిని తలచుకోండి. ఆమె మనకు వీపు చూపి నిలబడి ఉంటుంది. మెడ వంపునుంచి బయలుదేరిన గీత భుజందగ్గర సన్నబడి, వాలుజడ వెంట దిగుతూ బరువెక్కి, నడుముదగ్గర ఒక క్షణం ఆగి, చీర కుచ్చెళ్ళలో విడిపోతుంది. ముఖం కనిపించదు. అయినా ఆమె అలిగిందో, ఎదురు చూస్తున్నదో, నవ్వు దాచుకొంటున్నదో మనకు తెలిసిపోతుంది. గీత సన్నబడిన చోట శ్వాస ఉంది, లావైన చోట భారం ఉంది. మా ఊళ్ళో పసుపుకొమ్ము డ్రమ్ములో దొర్లి దొర్లి పైపొట్టునూ వేరునారనూ రాల్చుకొన్నాకనే లోని బంగారు వన్నె బయటపడుతుంది. బాపు రేఖ ఆ విధంగా ఏళ్ళ తరబడి తన్ను తాను ఒరసుకొన్న రేఖ. 1950లనాటి బొమ్మలనూ తరువాతి దశకాల బొమ్మలనూ ఎదురెదురు పుటల్లో పెట్టి, గీతలు క్రమక్రమంగా తగ్గుతూ ఉంటే భావం ఏ విధంగా చిక్కబడుతూ వచ్చిందో గ్రంథకర్త కళ్ళకు కట్టించాడు. ఆ పుటలదగ్గర పాఠకుడు తొందరపడక కాసేపు కూర్చోవాలని నా మనవి.

బొమ్మనుంచి అక్షరానికి వద్దాం. సీసపు అచ్చుల కాలంలో తెలుగు టైపు కొన్ని పరిమాణాల్లో, కొన్ని రూపాల్లో మాత్రమే లభించేది. అందుచేత కథ పేరునూ పుస్తకం పేరునూ చిత్రకారుడే చేత్తో రాయవలసి వచ్చేది. తెలుగు లిపి గుండ్రనిది, గంటానికీ తాటాకుకూ పుట్టిన బిడ్డ. సూటి కోతకు చీలే ఆకుమీద వంపులుగా ఒదిగి బ్రతికింది. ఆ వంపును బాపు కుంచె కొసతో పట్టుకొన్నాడు. తలకట్టును విదిలించి, కొమ్మును సాగదీసి, వత్తును తల్లి చంకలో బిడ్డవలె పక్కకు ఒదిగించి, అక్షరానికి నడకా ఒయ్యారమూ కల్పించాడు. ఆయన రాసిన శీర్షికలో అక్షరం చదవకముందే కథ రసం తెలిసిపోతుంది. హాస్యకథకు అక్షరాలు గంతులు వేస్తాయి, విషాద కథకు తలలు వంచుకొంటాయి. ఆ చేతిరాతే తరువాత కంప్యూటరు ఫాంటుగా రూపొంది ఊరూరా వ్యాపించింది. ఈనాడు ఆర్మూరులో ఏ పెళ్ళిపత్రిక తెరిచినా, ఏ అంగడి బోర్డు చూచినా, ఏ ఫ్లెక్సీ కిందుగా నడిచినా ఆ ఒంపు మన కంట పడుతుంది. ఆ అక్షరాలు వాడేవారిలో చాలామందికి అవి ఒక మనిషి చేతినుంచి వచ్చాయని కూడా తెలియదు. కవి పేరు మరచిపోయిన పాట జనం నోట నిలిచినట్లు, రాసినవాని పేరు మరచిన రాత జనం చేతిలో నిలవడం ఒక లిపికారునికి దక్కగల పరమ పురస్కారం. గీతే అక్షరమూ గీతే చిత్తరువూ అన్న గ్రంథకర్త సిద్ధాంతానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

ముళ్ళపూడి వెంకటరమణగారి ప్రసక్తి లేక బాపు చరిత్ర సంపూర్ణం కాదు. బాల్యంలో మద్రాసులో కలిసిన ఆ ఇద్దరి తొలి రచనలకూ తొలి బొమ్మలకూ న్యాయపతి రాఘవరావుగారి 'బాల' పత్రిక ఊయల అయింది. అక్కడ మొదలైన స్నేహం 2011 ఫిబ్రవరిలో రమణగారు గతించేదాకా ఎడబాటు ఎరగలేదు. రమణగారి 'బుడుగు'ను ఆ బొమ్మలు లేకుండా ఊహించగలమా? పెద్దల లోకాన్ని కిందినుంచి పైకి చూసే ఆ పసివాని భాష ఒకరిది, ఆ చూపు ఒకరిది. చదివేటప్పుడు ఏది ఎవరిదో విడదీయలేము. సత్యం శంకరమంచిగారి 'అమరావతి కథలు' ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చిన కాలంలో పాఠకులు ముందు బొమ్మ చూచి, తరువాత కథ చదివి, మళ్ళీ బొమ్మ దగ్గరికి వచ్చేవారు. కథను బొమ్మ వివరించడం సామాన్య విషయం. కథ చెప్పక విడిచిన దానిని బొమ్మ పూరించడం వ్యాఖ్యాత పని. మల్లినాథుడు కాళిదాసుకు చేసిన సేవను బాపు తన కాలపు కథకులకు చేశాడని ఈ గ్రంథంలో ఒకచోట ఉన్న వాక్యం చదివి నేను కలం కింద పెట్టి తల ఊపాను.

ఇక్కడ నా బాల్యంలోని ఒక దృశ్యం చెప్పక తప్పదు. 1937లో ఇందూరులో (నిజామాబాదులో) నిజాం ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశం జరిగిన నాటినుంచీ గ్రంథాలయోద్యమపు గాలి మా పల్లెలకూ సోకింది. తెలుగు పత్రిక చదవడం ఒక వ్రతమైంది. నా చిన్ననాడు వారపత్రిక బస్సుమీద వచ్చి, పటేలు ఇంటినుంచి పంతులు ఇంటికి, అక్కడినుంచి మా ఇంటికి చేతులు మారి, అంచులు నలిగి చేరేది. చదువురాని మా నాయనమ్మ ఆ పత్రికను అందరికన్న ముందు తీసుకొని, పుట పుటా తిప్పి బొమ్మలు చూచి, కథ ఏమై ఉంటుందో తానే చెప్పేది. తరువాత నేను చదివి వినిపిస్తే చాలాసార్లు ఆమె చెప్పిందే నిజమయ్యేది. చిత్రశాల ఎరుగని ఊరు మాది; ఆ న్యూస్‌ప్రింటు కాగితమే మా చిత్రశాల. తరువాతి రోజుల్లో ఎమెస్కోవారి చిన్న పుస్తకాలు వచ్చినప్పుడు వాటి ముఖచిత్రాలను మా ఇంట్లో గోడకు అన్నంమెతుకుతో అంటించేవారు. బాపును పండితులు మెచ్చుకోవడం ఆలస్యంగా జరిగి ఉండవచ్చు. మా నాయనమ్మ వంటివారు మాత్రం మొదటి వారమే మెచ్చుకొన్నారు.

'బాపు బొమ్మ' అన్న మాట నుడికారమై, పెళ్ళిచూపుల్లో పిల్లను మెచ్చుకొనే మాటగా స్థిరపడింది. ఒక చిత్రకారుని పేరు సౌందర్యానికి పర్యాయపదం కావడం ఏ భాషలోనైనా అరుదు. ఆ సౌందర్యం ఆయన చేతిలో పురాణానికీ సంసారానికీ సమానంగా దక్కింది. రాధా గోపాలాలనే యువజంట దాంపత్యంలోని అలకలు వేసిన చేతితోనే సీతారాముల గాంభీర్యమూ వేశాడు. తిరుప్పావై పాశురాలకు వేసిన గోపికల్లో మన పక్కింటి ఆడపడుచులే ధనుర్మాసపు చలిలో ముగ్గులు వేస్తూ కనిపిస్తారు. ఆయన రాముడు కండలు చూపే వీరుడుగా ఉండడు. విశాలమైన భుజాలతో, దిగిన కన్నులతో, ఎదుటివారికి అభయమిచ్చే ఇంటిపెద్దలాగా ఉంటాడు. ఆయన ఆంజనేయుడు ఎంతటి మహాకాయుడైనా రాముని ఎదుట పసివాడే. దేవుణ్ణి ఇంటివానిగా, ఇంటివారిని దేవతాంశగా చూచే తెలుగువారి భక్తికి ఆయన గీత అద్దం పట్టింది.

చలనచిత్రాలను గురించిన ప్రకరణంలో గ్రంథకర్త తారల కథలకూ వసూళ్ళ లెక్కలకూ పోక, చట్రాన్ని చూచాడు. 1967లో 'సాక్షి'తో దర్శకుడైన బాపు గోదావరి తీరాన పులిదిండి గ్రామానికి కెమెరాను తీసుకుపోయి, ఊరినే రంగస్థలం చేశాడు. ప్రతి దృశ్యాన్నీ ముందుగా కాగితంమీద బొమ్మగా వేసుకొని, ఆ తరువాతనే చిత్రీకరించే అలవాటు ఆయనది. అంటే ఆయన సినిమా తొలి రూపంలో మళ్ళీ గీతే. 1975లో వచ్చిన 'ముత్యాల ముగ్గు'లో ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణం జాతీయ పురస్కారం పొందింది. 1976 నాటి 'సీతాకల్యాణం' కదిలే వర్ణచిత్రపటంలా సాగింది. హిందీలో 'హమ్ పాంచ్', 'వో సాత్ దిన్' తీసి ఉత్తరాదివారి ఆదరమూ పొందాడు. 'పెళ్ళిపుస్తకం', 'మిస్టర్ పెళ్ళాం' సంసారంలోని చిరుచేదును తీపితో కలిపి చెప్పాయి. 1980లలో రమణగారితో కూడి ప్రాథమిక పాఠశాలల పిల్లలకు వీడియో పాఠాలు తయారుచేయడం ఆయన జీవితంలో కొద్దిమందే తలచుకొనే పుణ్యకార్యం. బడిపంతులు గనుక ఈ గ్రంథకర్త దానిని విస్మరించలేదు. 2011లో 'శ్రీరామరాజ్యం' వెలువడేనాటికి పక్కన రమణ లేడు. మొదటినుంచీ ఏ రాముణ్ణి గీస్తూ వచ్చాడో చివరికి ఆ రాముని కథతోనే దర్శకత్వాన్ని ముగించాడు. 2013లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు ఎనభైకి చేరువ.

పీఠికాకారుడు దోషజ్ఞుడు కూడా కావాలి. బాపు స్త్రీలందరికీ ఒకే కన్నులనీ, ఒకే ఒడ్డూ పొడుగనీ ఒక ఆక్షేపణ ఉన్నది. నల్లరేగళ్ళలో కలుపు తీసే మా కూలి తల్లుల అలసట ఆ సొగసుకత్తెల్లో కనిపించదని నాకూ ఒకప్పుడు అనిపించింది. గ్రంథకర్త ఈ ఆక్షేపణను దాటవేయలేదు. సంప్రదాయ శిల్పంలో దేవతామూర్తులకు తాళప్రమాణం ఉన్నట్లే బాపు తనకొక ప్రమాణం ఏర్పరచుకొన్నాడనీ, వైవిధ్యాన్ని ముఖంలో గాక భంగిమలో చూపాడనీ వాదించాడు. ఆ వాదం నాకు చాలవరకు సమ్మతం. మిగిలిన కొంత అభిప్రాయభేదాన్ని అతడు గురుభక్తితోనైనా దిద్దుకోకుండా ఉంచినందుకు సంతోషం. తరువాతి తరంలో చంద్ర, మోహన్ వంటి సమర్థులైన చిత్రకారులు వేరే ముఖాలనూ వేరే రేఖలనూ వెతుక్కొన్నారు. పెద్ద మర్రి పక్కన మొలిచిన చెట్టు వెలుగుకోసం తన కొమ్మను మరో దిక్కుకు చాచడం ఆ మర్రికి కూడా గౌరవమే.

ఈ గ్రంథం వెనుక ఉన్న శ్రమను గురించి ఒక మాట. పాత పత్రికలకోసం ఇతడు సెలవు దినాలన్నీ ఊళ్ళు తిరిగాడు. గ్రంథాలయాల్లో దొరకని సంచికలు ఇళ్ళ అటకలమీద, పచారీ అంగళ్ళలో పొట్లాల దొంతరల్లో, పెట్టెల అడుగున పరిచిన కాగితాల్లో దొరికాయి. చెదపురుగు తిన్న పుటను పలకమీద పరచి, మెత్తని కుంచెతో దులిపి, ప్రతి బొమ్మ కిందా పత్రిక పేరూ సంచికా పుటసంఖ్యా రాసిపెట్టాడు. అతని నోటుపుస్తకాలు నేను చూచాను. పసుపు మరకలు పడిన వేళ్ళ గుర్తులు వాటి అంచులమీద ఉన్నాయి. పొద్దున కళ్ళంలో పని, పగలు బడిలో పాఠం, రాత్రి ఈ తపస్సు. సంస్థలు చేయవలసిన పనిని ఒక వ్యక్తి చేశాడు. ఆ ఋణం మనమందరమూ పుస్తకం చదివి తీర్చుకోవలసినదే.

ఎక్కడి నరసాపురం, ఎక్కడి ఏర్గట్ల, పసుపూళ్ళ పంతులుకు సముద్రతీరపు చిత్రకారుడు ఎట్లా చుట్టమైనాడని ఎవరైనా అడగవచ్చు. మా మండలంలోని తడపాకల రేవుదగ్గర నిలబడి చూడండి. అక్కడ మన పాదాలు తడిపిన గోదావరి తెలుగు నేలంతా చుట్టి, ధవళేశ్వరం దాటి పాయలై, వశిష్ఠగా నరసాపురం గట్టును ఒరసుకొంటూ సముద్రంలో కలుస్తుంది. పటంలో చూస్తే అది ఒకే గీత. ఒకచోట సన్నం, ఒకచోట వెడల్పు, ఎక్కడా తెగదు. ఆ గీత ఈ కొసనుంచి ఒక బడిపంతులు ఆ కొసన పుట్టిన బాపుకు ఈ గ్రంథరూపంలో దోసెడు పసుపునీళ్ళు వదిలాడు. అవి చేరవలసిన చోటికి చేరుతాయి.

ఏర్గట్ల,
నిజామాబాదు జిల్లా